జారుముడి

తేది 2, ఆదివారం

అమ్మాయిని ఈ రోజు ఆసుపత్రిలో చేర్చారు. ఏడో నెల. కాన్పు అయ్యేదాకా మంచం దిగకూడదని డాక్టరమ్మ చెప్పింది. అందుకని నేను వచ్చాను. వారం రోజులు ఉంటానని అల్లుడితో అన్నాను. ఆయన తల ఊపాడు.

పిల్లలిద్దరు. పెద్దది ఆడపిల్ల, ఏడేళ్ళు. నడుముకు చేతులు ఆనించుకుని నిలబడి, ఏది ఎక్కడ పెట్టాలో చెబుతుంది. గోడౌనులో మా మేస్త్రి కూడా ఇలాగే నిలబడేవాడు. అందుకే మేస్త్రి అని పిలుస్తున్నాను, పలుకుతోంది. రెండోవాడు బుడంకాయ, మూడేళ్ళు. నా దగ్గరికి రాడు. తలుపు చాటున నిలబడి ఒక కన్నుతో చూస్తాడు. కొత్తవాళ్ళ దగ్గర నేనూ అంతే కాబట్టి వాణ్ణి తప్పు పట్టలేను.

బడి నోటుబుక్కులో వెనక పేజీలు ఖాళీగా ఉంటే ఇవ్వమని మేస్త్రిని అడిగాను. కొట్టివేతలు ఉండకూడదని చెప్పి ఇచ్చింది.

తేది 4, మంగళవారం

అన్నం వండాను, తిన్నారు. గుడ్లు మాడాయి, అవీ తిన్నారు. నా గదితో పోలిస్తే ఇక్కడ గోల ఎక్కువ. వారమే కదా.

తేది 5, బుధవారం

తప్పు చేశాను.

పొద్దున బుడంకాయ పాలు తాగి బొంత మీద కక్కుకున్నాడు. అది మా ఆవిడ కుట్టిన బొంత. వీడు కడుపులో పడ్డాడని తెలిసి మొదలుపెట్టింది. పూర్తి చేసింది. ఆ నెలలోనే పోయింది. వీడికి పుట్టినప్పటి నుంచీ దాని అంచు నోట్లో ఉంటే తప్ప నిద్ర రాదు.

గోడౌనులో మరకలు పడ్డ గోనె పట్టాలను సోడా వేసి ఉడకబెట్టేవాళ్ళం. నాకు తెలిసిన ఉతుకు అదొక్కటే. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, సోడా వేసి, బొంత ముంచి కర్రతో తిప్పాను. కాసేపటికి కర్రకు పీలికలు చుట్టుకుని పైకొచ్చాయి. పిండబోతే పీచు పీచుగా చేతిలోకి వచ్చేసింది. అరిగి అరిగి పలచబడ్డ గుడ్డ, తట్టుకోలేకపోయింది. గుప్పెడు దారాలు, జానెడు అంచు మిగిలాయి.

మేస్త్రి వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"తాతయ్యా, బొంతను వండేశావా?"



తేది 6, గురువారం

వాడు ఏడ్చాడు.

తేది 7, శుక్రవారం

వాడు ఏడ్చాడు. మిగిలిన అంచు ఇస్తే చూసి కింద పడేశాడు. కొత్త దుప్పటి ఇస్తే విసిరికొట్టాడు. నా తువ్వాలు ఇస్తే దాన్నీ విసిరాడు, కాకపోతే కొంచెం దగ్గరగా.

అల్లుడు నడిపేది రాత్రి బస్సు. తెల్లారాక ఇంటికి చేరి పడుకుంటాడు. పడుకోవాలి. ఇల్లు రెండు గదులు, మధ్యలో పలచటి తలుపు.

తేది 8, శనివారం

అల్లుడు స్నానం చేసి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చాలాసేపు గ్లాసు తిప్పుతూ ఉన్నాడు. తర్వాత చెప్పాడు.

"మామయ్య గారూ, నిన్న సిగ్నల్ దగ్గర కన్ను మూతపడిందండీ. బస్సు నిండా జనం. వెనకాల లారీవాడు హారను కొడితే లేచాను."

ఆ మాట అంటూ గది వైపు చూశాడు, పిల్లలు విన్నారేమోనని.

వాళ్ళ అక్కతో మాట్లాడాడట. రేపు కాక పై ఆదివారం ఆవిడ వచ్చి పిల్లలను తీసుకెళ్తుంది. కాన్పు అయ్యి అమ్మాయి ఇంటికి వచ్చేదాకా అక్కడే. నాకు శ్రమ ఇచ్చామని, నేను కూడా నా గదికి వెళ్ళి సుఖంగా ఉండాలని అన్నాడు. అప్పటిదాకా మాత్రం ఉండమన్నాడు.

అలాగే బాబూ అన్నాను.

తప్పేమీ లేదు. ఆవిడ మంచి మనిషి. పిల్లలు లేరు, ఇల్లు పెద్దది. కాకపోతే అక్కడి నుంచి ఆసుపత్రికి నాలుగు గంటల ప్రయాణం. ఇప్పుడు గురువారం, ఆదివారం వాళ్ళమ్మను చూస్తున్నారు. అప్పుడు నెలకోసారి కుదురుతుందేమో.

నా సంగతికొస్తే మంచిదే. నా గదిలో ప్రశాంతంగా ఉంటుంది. కిటికీలోంచి గోడౌను వెనక గోడ కనిపిస్తుంది. గోడ మీద పిల్లి కూడా వస్తుంది ఒక్కోసారి.

తేది 9, ఆదివారం

ఆసుపత్రికి వెళ్ళాం. బొంత ఏదిరా అని అమ్మాయి బుడంకాయను అడిగింది. వాడు నా వైపు చూశాడు. మేస్త్రి కూడా నా వైపే చూసింది. ఉతికి ఆరేశానమ్మా అన్నాను. అబద్ధం కాదు. ఉతికాను. మిగిలినంత వరకూ ఆరేశాను కూడా.

పై ఆదివారం సంగతి అమ్మాయికి ఇంకా తెలియదు. బయల్దేరేటప్పుడు బుడంకాయ మంచం పట్టీ మీద కూర్చుని ఉంటే వాడి పాదం చేతిలో పట్టుకుంది. చూసే వేళ అయిపోయిందని గంట కొట్టారు. వదల్లేదు. నర్సు వచ్చి చెప్పాక వదిలింది.

తిరుగు బస్సులో నిశ్చయించుకున్నాను. బొంత కుడతాను. ఆదివారానికల్లా అవ్వాలి. వాడు పడుకుంటే అల్లుడు పడుకుంటాడు. అల్లుడు పడుకుంటే పిల్లలను పంపనక్కర్లేదు. వాళ్ళమ్మకు దగ్గరగా ఉంటారు. నాకేముంది, అమ్మాయి కోసమే.

ముప్పై ఎనిమిదేళ్ళు బస్తాల మూతులు కుట్టినవాణ్ణి. బొంత ఎంత.

తేది 10, సోమవారం

బడి నుంచి రాగానే మేస్త్రి పాత బట్టలు మోసుకొచ్చింది. వాళ్ళ నాన్న ఖాకీ ప్యాంటు, కిటికీ తెర, తనకు పొట్టైన గౌన్లు మూడు, వాళ్ళమ్మ వదులు చొక్కా. పైకి ఏది రావాలో, అడుగున ఏది ఉండాలో తనే చెప్పింది. ఖాకీ గుచ్చుకుంటుంది కాబట్టి మధ్యలో. గౌను మీద కుందేలు బొమ్మ ఉంది కాబట్టి పైన.

నా పెట్టెలోంచి దబ్బనం, పురికొస తీశాను. పురికొస ఎక్కడం లేదు. ఈ కాలంలో బెజ్జాలు చిన్నవి చేస్తున్నారు అన్నాను.

"తాతయ్యా, ఇది నీ పాత దబ్బనమే. ఇందులో నా చిటికెన వేలు దూరుతుంది" అని అది తీసుకుని ఎక్కించి ఇచ్చింది.

నేల మీద పొరలు పరిచాం. సూది గుచ్చి లాగితే చాలు, గుడ్డలన్నీ ముడుచుకుని నా మీదికి వచ్చేస్తున్నాయి. నాలుగు మూలలా బరువు పెట్టాలి. బియ్యం డబ్బా పెట్టాం. ఇస్త్రీ పెట్టె పెట్టాం. రుబ్బురోలు లాంటిదేమీ ఈ ఇంట్లో లేదు, అల్లుడి బూట్లు పెట్టాం. నాలుగో మూలకు ఏమీ దొరకలేదు. మేస్త్రి ఇల్లంతా చూసి, తలుపు చాటు వైపు చూసింది.

"ఒరేయ్, నువ్వు బరువువి. వచ్చి పడుకో. కదిలావంటే పని చెడుతుంది."

వాడు ఆలోచించాడు. వచ్చాడు. మూల మీద వెల్లకిలా పడుకుని చేతులు రెండూ పక్కలకు ఆనించాడు. మొహం ఎంత గంభీరంగా పెట్టాడంటే నేను నవ్వు ఆపుకోవడానికి దగ్గాను. ఈ ఇంటికి వచ్చాక వాడు నాకు మూరెడు దూరంలో ఉండటం ఇదే మొదలు.

రెండు వరసలు కుట్టేసరికి కళ్ళు మూతపడ్డాయి. ఊపిరి కూడా మెల్లగా తీశాను.

తేది 11, మంగళవారం

మేస్త్రి బడిలో ఉంది. మధ్యాహ్నం బొంత పరిచాను. నేను పిలవలేదు. వాడే వచ్చి మూల మీద పడుకున్నాడు. గంటన్నర నిద్ర. అల్లుడు నాలుగింటి దాకా లేవలేదు. రాత్రికి చుట్టి వాడి పక్కలో పెట్టాను, దానికి అతుక్కుని పడుకున్నాడు.

ఏడు వరసలయ్యాయి.

తేది 12, బుధవారం

ఈ రోజు రాయాలని లేదు. కానీ రాయకపోతే మరీ బరువుగా ఉంటుంది.

మధ్యాహ్నం వాడు మూల మీద పడుకున్నాడు. నేను కుట్టుకుంటూ కుట్టుకుంటూ వాడి దాకా వచ్చాను. వాణ్ణి కదిలించకుండా పక్కగా పోనిచ్చాను. పని బాగా సాగింది. మేస్త్రి బడి నుంచి వచ్చి తలుపు తోసింది. ఆ చప్పుడుకు వాడు లేచి నిలబడ్డాడు. బొంత కూడా లేచింది.

వాడి చొక్కాను కలిపి కుట్టేశాను.

వాడు నడిచాడు. బొంత వెనకాలే వెళ్ళింది. బూట్లు దొర్లాయి. మేస్త్రి గుమ్మంలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నాకు కంగారు. చొక్కా చిరుగుతుందని, దబ్బనం గుచ్చుకుంటుందని. దబ్బనం లాగేశాను. తర్వాత చేయి దానంతట అదే పోయి కొస పట్టుకుని లాగింది. వరసంతా సర్రున ఊడొచ్చింది.

అప్పుడు తెలిసింది.

బస్తా మూతికి మేం జారుముడి వేస్తాం. మోసేటప్పుడు ఊడకూడదు, విప్పేవాడికి ఒక్క లాగుతో రావాలి. మా పని గొప్పంతా అందులోనే. ముప్పై ఎనిమిదేళ్ళలో ఈ చేత్తో వేరే ముడి వేయలేదు. ఈ బొంతలో ప్రతి వరసకూ అదే వేశాను. దబ్బనం బొక్కలు పెద్దవి, పురికొస వాటిల్లో వదులుగా ఉంది. ఎవరు ఏ కొస లాగినా పోతుంది.

ఆ సంగతి నాతోపాటే బుడంకాయకూ తెలిసింది. ఒక కొస చూసి లాగాడు. సర్రుమంది. కిలకిలా నవ్వాడు. వాడి నవ్వు ఎలా ఉంటుందో నేను వినలేదు ఇప్పటిదాకా. మేస్త్రి ఇంకొకటి లాగింది. నేను ఆపలేకపోయాను. ఆపాలనిపించలేదు కూడా. నాలుగు నిమిషాల్లో మూడు రోజుల పని పాత బట్టల కుప్ప అయింది.

చూస్తే అల్లుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నిద్ర చెడగొట్టాం. కొడుకును చూశాడు, నన్ను చూశాడు. లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

ఆదివారానికి నాలుగు రోజులున్నాయి.

తేది 13, గురువారం

ఆసుపత్రిలో అమ్మాయికి చెప్పేశాను. నేను ఉడకబెట్టిందీ, పీచైపోయిందీ, చొక్కాతో కలిపి కుట్టిందీ, అన్నీ. మేస్త్రి తమ్ముణ్ణి తీసుకుని మంచినీళ్ళకు వెళ్ళింది, ఆ సందులో చెప్పాను. అమ్మ చేత్తో కుట్టింది పోయిందని అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ముందు కళ్ళు నిండాయి. చొక్కా దగ్గరికి వచ్చేసరికి దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. కడుపు కదులుతుందని నర్సు కేకలేసింది.

ముడి ఎలా వేయాలో చూపించింది. మా ఆవిడ వేసినట్టు. సన్నసూది, నూలు దారం. దారం కొసను రెండు పొరల మధ్యకు పంపి, అక్కడే రెండుసార్లు వెనక్కి కుట్టి తెంపేయాలి. ముడి పైకి కనిపించదు. లాగడానికి ఏమీ ఉండదు. ఆమె వేళ్ళు అచ్చం వాళ్ళమ్మ వేళ్ళే. నేను వేళ్ళనే చూస్తూ రెండుసార్లు మళ్ళీ చూపించమన్నాను.

తర్వాత ఆదివారం సంగతి తనే ఎత్తింది. అల్లుడు ఫోనులో చెప్పాడట. ఆయన బస్సులో కునుకు తీస్తే అన్న భయంతో సరే అన్నదట.

"పిల్లలను నువ్వే చూసుకుంటానని ఆయనతో అన్నావా నాన్నా?"

లేదన్నాను.

"వారమే ఉంటానన్నావట. వారం దాటింది కాబట్టి నీకు విసుగొచ్చిందని ఆయన అనుకుంటున్నాడు. నువ్వు మాట కూడా అలాగే కడతావు నాన్నా. ఎవరు లాగినా ఊడొచ్చేలా."

మంచం పక్కన సీసాలో నీళ్ళున్నాయి. గ్లాసులో పోసి ఇచ్చాను. తాగింది.

తేది 14, శుక్రవారం

సన్నసూది నా వేళ్ళలో నిలవదు. మూడుసార్లు కింద పడింది. ప్రతిసారీ వెతికి దొరికేదాకా బుడంకాయను కుర్చీ మీద నిలబెట్టాను. రోజుకు అయిదు వరసలు కూడా కావు. ఆదివారానికి కాదు. మధ్యాహ్నం మాత్రం వాడు పడుకుంటున్నాడు, కుట్టు ఉన్నా లేకపోయినా. అల్లుడి ముఖం తేటపడింది.

కానీ వాళ్ళ అక్కకు చెప్పేశాడు. ఆవిడ అక్కడ గది సర్దిందట. ఇప్పుడు వద్దనడం ఆయనకు కష్టం. నేను అనాలి. ఆవిడతో ఏమనాలో కుట్టుకుంటూ అనుకుని చూశాను.

పిల్లలు ఇక్కడే ఉంటారమ్మా. ఇది హుకుంలా ఉంది.

మీకేమీ అభ్యంతరం లేకపోతే పిల్లలను ఇక్కడే. అభ్యంతరం ఉందంటుంది. అప్పుడు?

మేస్త్రి చదువు పాడవుతుందమ్మా. దానికి నాకన్నా ఎక్కువ వచ్చు. ఎక్కడున్నా పాడవదు.

ఎవరితో మాట్లాడుతున్నావు తాతయ్యా అంది మేస్త్రి. బొంతతో అన్నాను. ఏమంటోంది అని అడిగింది.

తేది 15, శనివారం

వేళ్ళు వాచాయి. సగం అయింది. సగమే.

తేది 16, ఆదివారం

పన్నెండింటికి అల్లుడి అక్క వచ్చింది. బరువైన సంచి, అందులో రంగుల పెన్సిళ్ళు, చెక్క బండి. మేస్త్రి అత్తా అని వెళ్ళి సంచీ అందుకుంది. బుడంకాయ అప్పటికే మూల మీద బరువుగా పడుకుని నిద్రపోయాడు. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వచ్చి పక్కన కూర్చుంది. వాడి నుదుటి మీద జుట్టు తీసింది. ఎప్పటి నుంచో తియ్యాలనుకున్నట్టు తీసింది. అది చూసి నేను అనుకున్నవన్నీ మరిచిపోయాను.

అల్లుడు పిల్లల బట్టల సంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. వాణ్ణి ఎత్తుకోవడానికి వంగాడు.

"వాణ్ణి లేపకండి" అన్నాను.

"లేచాకే వెళ్దాం లెండి బాబాయ్ గారూ, తొందరేముంది" అందావిడ.

"లేచాక కూడా వద్దమ్మా."

ఇద్దరూ నన్ను చూశారు. మేస్త్రి పెన్సిళ్ళ డబ్బా మూత సగం తీసి ఆపేసింది. సూది నా చేతిలోనే ఉంది, దాన్నే చూస్తూ మాట్లాడాను.

"వారమే ఉంటానని నేనే అన్నాను. అది నిజం కాదు. నాకు ఆ గదికి వెళ్ళాలని లేదు. పిల్లలు వాళ్ళమ్మకు దగ్గరగా ఉండాలని చెబుదామనుకున్నాను. అదీ నిజమే. కానీ అంతకన్నా ముందు, నాకే వాళ్ళు కావాలమ్మా."

 వీధిలో ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు. 

అల్లుడు కూర్చున్నాడు. నేల మీదే, ఇస్త్రీ పెట్టె పక్కన.

"ఈ మాట ముందే అనొచ్చు కదండీ మామయ్య గారూ. మీరు వెళ్ళిపోవాలని చూస్తున్నారేమో, అడగలేక అవస్థ పడుతున్నారేమో అనుకుని నేను అక్కకు ఫోను చేశాను. అయిదు రోజులుగా కంటి నిండా నిద్రపోతున్నాను. వాడు నవ్విన రోజే ఫోను చేసి వద్దందామనుకున్నాను. మళ్ళీ మీకెలా ఉంటుందోనని."

ఆవిడ తల ఎత్తలేదు. బొంత మీద కుందేలు చెవిని వేలితో రాస్తూ ఉంది.

"వాడి కోసం చిన్న మంచం చేయించాను. నీలం రంగు" అంది.

  అల్లుడు అక్క వైపు చూడలేక బూట్లు సర్దాడు. ఆవిడే అంది.

"ఇంకో సూది ఉందా బాబాయ్ గారూ?"

ఇచ్చాను. ఆ అంచు నుంచి ఆవిడ, ఈ అంచు నుంచి నేను. ఆవిడ కుట్టు బారుగా, వంకరగా వస్తోంది. నాకన్నా అన్యాయం. మేస్త్రి నడుముకు చేతులు ఆనించి చూసింది.

"అత్తా, ఆ వరస విప్పి మళ్ళీ కుట్టు."

ఆవిడకు ముందు నవ్వు వచ్చింది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత నిజంగానే విప్పింది. విప్పడం కష్టమైంది, ముడి గట్టిగా పడింది.

మంచం ఇక్కడికే పంపిస్తానంది. ఎక్కడ పడుతుందని అల్లుడు లేచి జానలతో గోడ కొలిచాడు. బల్ల జరిపితే పడుతుందట. ప్రతి శనివారం తను వచ్చి, ఆదివారం పిల్లలను ఆసుపత్రికి తనే తీసుకెళ్తానని, ఆ పూట నన్ను నడుం వాల్చమని అంది. నేను అక్కర్లేదమ్మా అనబోయాను. మళ్ళీ ఆగి, మంచిదమ్మా అన్నాను.

బుడంకాయ లేచాడు. అందర్నీ ఒక్కొక్కరినే చూశాడు, లెక్క సరిపోయిందో లేదో అన్నట్టు. అత్త చేయి చాపితే బండి మాత్రం తీసుకున్నాడు. ఆ బండిని బొంత మీద నడిపించుకుంటూ వచ్చి నా మోకాలు ఎక్కించాడు. భుజం దాకా ఎక్కించాడు. నేను కదల్లేదు.

సాయంత్రం అందరం ఆసుపత్రికి వెళ్ళాం. అల్లుడు చెబుతుంటే అమ్మాయి నన్నే చూస్తోంది. అన్నావా నాన్నా అని అడిగింది. అన్నాను. ఏమన్నావో మళ్ళీ చెప్పు అంది. నర్సు ముందు ఎలా చెబుతాను. అయినా చెప్పాను.

అల్లుడి అక్క ఆసుపత్రి నుంచే బస్సెక్కింది.

ఈ రోజు చాలా మాట్లాడాను. గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళు తాగాను. రేపు మేస్త్రికి బడి ఉంది. దానికి జడ వేయడం నాకు ఇంకా రాలేదు, రోజూ ఒకవైపు ఊడిపోతోందని బళ్ళో నవ్వుతున్నారట. ఆవిడను అడిగి నేర్చుకోవాల్సింది, తోచలేదు. శనివారం అడుగుతాను.